మోకాలమ్మకు తెలుగు చెప్పింది నేనే

ఆ రోజుల్లో ఈ భూమ్మీద నాకంటూ ఉన్న శత్రువు ఒక్కతే. ఆవిడది బ్యాంకాక్, నాది మిషిగన్‌లో నోవై. ఆవిడ ముఖం నాకు కంఠతా వచ్చు గానీ, నేనంటూ ఒకదాన్ని ఉన్నానని ఆవిడకు తెలియదు. పెళ్లయి ఏడు నెలలు, అమెరికా వచ్చి అయిదు నెలలు, వయసు ఇరవై నాలుగు. కొత్తకాపురానికి వచ్చిన పిల్లలు మామూలుగా ఆడపడుచు మీదో, తోటికోడలి మీదో, మొగుడి ఆఫీసులో పనిచేసే అమ్మాయి మీదో కుళ్లుకుంటారు. నాకు ఆడపడుచు లేదు, తోటికోడలు లేదు. మా ఆయన టీములో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి రిటైర్మెంటుకు దగ్గర పడిన అమెరికన్ మామ్మగారు, పాపం క్రిస్మస్‌కి నాకు స్వెట్టర్ కూడా అల్లి పంపింది. కుళ్లుకోవడానికి దగ్గర్లో ఎవరూ దొరక్క నేను థాయ్‌లాండ్ దాకా వెళ్లాల్సి వచ్చింది. అసూయ అనే పెద్ద మాట వాడొచ్చు గానీ, నాది అంత మర్యాదైనది కాదు, అచ్చంగా కుళ్లే.

మా ఆయన కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసే ఇంజనీరు. మనిషి మంచివాడు, మాట మాత్రం మహా పొదుపు. (పెళ్లిచూపుల్లో నాతో అన్నది ఒకే ఒక్క మాట, "కాఫీ బాగుంది" అని. ఆ కాఫీ పెట్టింది మా పిన్ని.) వంకాయ కూర బాగుందో లేదో ఆయన రెండోసారి వడ్డించుకోవడాన్ని బట్టి నేను తెలుసుకోవాలి. కొత్త చీర కట్టుకుంటే "బయట చలిగా ఉంది, కోటు వేసుకో" అనేవారు. ఆయన స్వభావమే అంత అని నాకు నేను నచ్చజెప్పుకుని, కాస్త స్థిమితపడుతున్న సమయంలో, ఒక శనివారం లైబ్రరీ నుంచి ఆ డీవీడీ తెచ్చారు. థాయ్ సినిమా, పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు. కాలవలో పడవ నడిపే ఒక పిల్ల, వాళ్ల అమ్మమ్మ నూడుల్స్ కొట్టు, ఆ కొట్టు లాక్కోవాలని చూసే ఒక రౌడీ ముఠా, అంతే కథ. ఆ పిల్ల చేపల బజారులో గాల్లోకి లేచి ఒకడి గుండెల మీద మోకాలితో పొడిచింది. మా ఆయన "అబ్బ" అన్నారు. ఆయన నోట "అబ్బ" అనే మాట నేను వినడం అదే మొదటిసారి. రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పి, మళ్లీ చూసి, నా వైపు తిరిగి, "వైర్లు లేవు, గ్రాఫిక్స్ లేవు, డూప్ కూడా లేదు, మొత్తం తనే చేసింది, ఎంత ప్రాక్టీస్ చేసుండాలో ఆలోచించు" అన్నారు. ఏడు నెలల కాపురంలో నేను విన్న అతి పెద్ద ప్రసంగం అది.

ఆ క్షణంలో నేను ఆమెకు మోకాలమ్మ అని పేరు పెట్టాను. ఆయన ముందు కాదు, మనసులోనే. ఆ తర్వాత వరుసగా నాలుగు శనివారాలు మోకాలమ్మ మా ఇంటికి వచ్చింది. లైబ్రరీవాళ్లు గడువు ముగిసిందంటే ఆయన రెన్యూ చేసేవారు. నేను పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తూ లోపల్లోపల ఉడికిపోయేదాన్ని. డూప్ లేదట. నాకు మాత్రం ఎవరున్నారు డూప్? మైనస్ పది డిగ్రీల్లో చెత్త బ్యాగు మోసుకెళ్లి డంప్‌స్టర్‌లో పడేసేది నేనే, గుత్తొంకాయ కూర మూడుసార్లు మాడ్చి నాలుగోసారి కుదిర్చింది నేనే, వీడియో కాల్‌లో మా అమ్మతో "చాలా బావుందమ్మా ఇక్కడ" అని నవ్వుతూ చెప్పి, కాల్ అయ్యాక బాత్రూంలోకి వెళ్లి ఏడ్చింది కూడా నేనే. వాటిల్లో ఒక్కదానినీ ఎవరూ వెనక్కి తిప్పి చూడలేదు. నాకు ఆమె అందం మీద కోపం లేదు, ఆమె దెబ్బల మీద కోపం లేదు. ఆమెను చూసేటప్పుడు ఆయన కళ్లు ఎలా అయ్యేవో, ఆ కళ్లు నాకు కావాలి. అంతకుమించి నేను అడిగింది ఏమీ లేదు, అసలు అడగనే లేదు అన్నది వేరే సంగతి.

కుళ్లు మనిషి చేత ఏ పని చేయిస్తుందో చెప్పలేం. ఒక మంగళవారం ఆయన ఆఫీసుకు వెళ్లాక, చున్నీ నడుముకు బిగించి, డీవీడీ పెట్టుకుని, ఆ చేపల బజారు దెబ్బ నేర్చుకుందామని హాల్లో నిలబడ్డాను. మోకాలమ్మ మూడడుగులు పరుగెత్తి లేస్తుంది. మా హాలు రెండడుగులకే అయిపోతుంది. మూడో అడుగు దగ్గర కాఫీ టేబుల్ ఉంది. సాయంత్రం ఆయన వచ్చేసరికి నా మోకాలు కొబ్బరికాయంత అయింది. మంచులో జారానని చెప్పాను. ఆయన నిజంగానే కంగారుపడి, ఫ్రీజర్‌లోంచి బఠాణీల ప్యాకెట్ తీసి నా మోకాలి మీద పెట్టి, "కదలకుండా కూర్చో, బోర్ కొట్టకుండా ఏదైనా పెడతాను" అని, ఏం పెట్టారో మీరు ఊహించుకోవచ్చు.

కుంటడం తగ్గిన రోజునే డీవీడీని సంచిలో వేసుకుని, ఇరవై నిమిషాలు మంచులో నడిచి వెళ్లి, లైబ్రరీ బయటి డబ్బాలో పడేసి వచ్చాను. (లెర్నర్ పర్మిట్ తీసుకుని నాలుగు నెలలైంది, అది నా పర్సులోనే ఉంది. "మంచు కరగనీ, కారు నేర్పిస్తాను" అనేవారు ఆయన. నోవైలో మంచు కరగడమంటే ఏప్రిల్.) గడువు దాటితే బాగుండదని ఇచ్చేశానని చెబితే, "అంత దూరం నడిచావా, పాపం" అన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ వస్తూ అదే డీవీడీ తెచ్చారు. "అదృష్టం, ఎవరూ తీసుకెళ్లలేదు" అన్నారు, నాకోసమే తెచ్చినంత సంబరంగా.

మా కింది ఫ్లాట్‌లో ఒక వరంగల్ అక్క ఉండేది. ఆమె దగ్గరే నేను గోడు వెళ్లబోసుకునేదాన్ని. ఆమె అంతా విని, చాయ్ ముందు పెట్టి, "గా సినిమా పిల్లతోటి నీకేం పంచాయితీ చెల్లె? నీ మొగుడినే అడుగు, నేను మంచిగున్ననా లేనా అని" అంది.

"అడిగి చెప్పించుకుంటే ఏం బావుంటుందక్కా."

"అడగకపోతే మరి గిట్లనే కుములు. ఆయనకేమన్న కల పడతదా."

అక్క చెప్పినదాంట్లో న్యాయం ఉందని తెలుసు. కానీ అడగడానికి నాకు నోరు రాలేదు, కుమలడమే సులువనిపించింది.

ఈలోగా మా అత్తయ్యగారు వచ్చారు. అందరి అత్తగార్లూ వేసవిలో వస్తే ఈవిడ జనవరిలో వచ్చారు, మంచు చూడాలని ఆవిడ కోరిక. వచ్చిన రెండో రోజుకే కిటికీలోంచి చూసి, "చూశాంగా, ఇంకాపెయ్యమను" అన్నారు. తణుకు దగ్గర మనిషి, నెమ్మదస్తురాలు, ఇంగ్లీషు చదవడం రాదు. ఇంటి దగ్గర మధ్యాహ్నం పూట హిందీ నుంచి డబ్బింగ్ చేసిన సీరియళ్లు చూస్తారట, పెదాలు ఒకటి పలికి మాట ఇంకోటి వినిపించినా ఆవిడ పట్టించుకోరు. ఈ ఒక్క సంగతే నన్ను పాడుచేసింది.

ఆ శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన వాళ్లమ్మను సోఫాలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, "అమ్మా, నీకో అమ్మాయిని చూపిస్తా" అన్నారు. చూపించబోయేది ఎవరినో నాకు తెలుసు. సినిమా మొదలైందో లేదో ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఏదో కొంప మునిగిందట. ఆయన లాప్‌టాప్ తీసుకుని బెడ్‌రూంలోకి వెళుతూ, "కింద ఇంగ్లీషులో వస్తుంది, నువ్వు చదివి అమ్మకు తెలుగులో చెబుతూండు" అన్నారు. నా చేతికి మోకాలమ్మ నాలుకను ఇచ్చి ఆయన తలుపు వేసుకున్నారు. దేవుడి మీద ఒట్టు, ముందు నేను నిజమే చెబుదామనుకున్నాను.

మొదటి సీనులో ఆ పిల్ల మంచం మీద ఉన్న అమ్మమ్మ కాళ్లు ఒత్తుతూ ఏదో అంది. తెర మీద, నువ్వు లేవకు అమ్మమ్మా, ఈ రోజు కొట్టు నేను తెరుస్తాను, అని పడింది. అత్తయ్యగారు, "ఏవంటోందే ఆ పిల్ల? ముఖం ఎంత కళగా ఉందో" అన్నారు. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

"ముసల్దానా, ఇంకా పడుకునే ఉన్నావా, కొట్టెవరు తెరుస్తారు అంటోందండీ" అన్నాను.

అత్తయ్యగారు కాసేపు చూశారు. "మరి కాళ్లు పడుతోందేవిటే?"

"వాళ్ల దేశంలో తిట్టేటప్పుడు కాళ్లు పడతారటండీ."

"అలాగా" అన్నారు ఆవిడ, అమాయకంగా.

ఇక నన్ను పట్టే పగ్గాలు లేవు. మోకాలమ్మ కసరత్తు మొదలుపెట్టే ముందు గురువుకు చేతులు జోడించి వంగింది. అత్తయ్యగారు "చూశావా, మనలాగే దణ్ణం పెడుతోంది" అని ముచ్చటపడితే, అది దణ్ణం కాదనీ, రా తేల్చుకుందాం అని సవాలు చెయ్యడమనీ చెప్పాను. రౌడీల నాయకుడు వచ్చి, రేపటికల్లా కొట్టు ఖాళీ చెయ్యకపోతే తగలబెడతానన్నాడు. నేను వాడి చేత, "చెల్లెమ్మా, మీ అమ్మమ్మకు ఒంట్లో బాగాలేదుగా, నా కార్లో ఆస్పత్రికి తీసుకెళ్దాం రా" అనిపించాను.

"అంత మంచిగా మాట్లాడినవాణ్ణి పట్టుకుని అలా తన్నుతోందేవిటే" అన్నారు అత్తయ్యగారు.

"అదేనండీ ఆ పిల్ల బుద్ధి."

"పళ్లు రాలినట్టున్నాయి పాపం" అని ఆవిడ నిట్టూర్చారు. నాకు పెళ్లయ్యాక అంత హాయిగా ఎప్పుడూ లేదు. ఒక్కో డైలాగుకు ఒక్కో మెట్టు మోకాలమ్మను కిందికి దించుతూ పోయాను. పొగరుబోతును చేశాను, పని దొంగను చేశాను, పక్కింటివాళ్ల చేపలు కూడా దొంగిలింపజేశాను. ఇలా అబద్ధం చెబితే నా మొగుడు నన్ను చూస్తాడా అన్న ప్రశ్న నాకు తట్టలేదు. ఆయన వాళ్లమ్మకైనా ఆమె నచ్చకూడదు, అంతే.

మధ్యలో ఒక సీను ఉంది. పోట్లాటలన్నీ ఒక దఫా అయ్యాక ఆ పిల్ల మేడ మీదికెక్కి, ఒంటినిండా దెబ్బలతో, ఒక్కతే కూర్చుంటుంది. కింద ఊరంతా దీపాలు. చాలాసేపు మాట్లాడదు, తర్వాత మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు మాట్లాడుతుంది. తెర కింద అక్షరాలు వచ్చి పోతున్నాయి. నేను వాటిని చదవలేదు. ఆ పిల్ల ముఖమే చూస్తూ ఉండిపోయాను. అత్తయ్యగారు "ఏవంటోందే" అని అడిగారు. ఈసారి ఏ తిట్టు పెడదామా అని నోరు తెరిచాను గానీ, వచ్చింది వేరు.

"పొద్దున ఎనిమిదింటికి వెళతారు, సాయంత్రం ఏడింటికి వస్తారు, అంటోందండీ. పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుంటే ఎవరో ఒకరి కుక్క తప్ప ఏమీ కనిపించదు, అంటోంది. ఎక్కడికైనా వెళదామంటే కారు రాదు, నడుద్దామంటే మంచు. చలికి చచ్చిపోతున్నాను. కూర బాగుందనైనా ఒక్కమాట అనరు. నేను బాగుంటానో లేదో నాకే తెలియకుండా పోయింది, అంటోందండీ."

సినిమాలో మోకాలమ్మ మాట్లాడటం ఎప్పుడో ఆపేసింది. నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. అత్తయ్యగారు తెర వంక చూసి, నా వంక చూసి, "చెమటలు కారిపోతుంటే చలంటుందేవిటే" అన్నారు, చాలా మెల్లగా. అప్పుడు గుమ్మం దగ్గర చప్పుడైంది. మా ఆయన బెడ్‌రూం తలుపు తీసుకుని, చెవికున్న హెడ్‌సెట్ మెడ మీదికి జార్చుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో తెలియదు. ఆ సినిమాలో ప్రతి డైలాగూ ఆయనకు కంఠతా వచ్చు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది, కానీ మాది రెండో అంతస్తు, దిగితే వరంగల్ అక్క వంటింట్లో తేలతాను.

అత్తయ్యగారే శాలువా సర్దుకుని, తెర మీదినుంచి చూపు తిప్పకుండా, "ఒరే, ఆ పిల్లకి కారు నేర్పించరా" అన్నారు.

"ఏ పిల్లకమ్మా?" అన్నారు ఆయన, నిజంగా అర్థం కాక.

"సినిమాలో పిల్లకి" అన్నారు ఆవిడ. తర్వాత నా చేతిని తన శాలువాలోకి లాక్కుని, "నువ్వు చెప్పడం ఆపకమ్మా, బాగా చెబుతున్నావ్. ఆ ముసలావిణ్ణి తిట్టినదగ్గర మాత్రం నేను నమ్మలేదులే" అన్నారు.

మర్నాడు ఉదయం ఆయన నన్ను ఒక స్కూలు వెనక పార్కింగులోకి తీసుకెళ్లారు. ఆదివారం కాబట్టి ఖాళీగా ఉంది, మంచు తోసి నాలుగు పక్కలా గుట్టలు పోశారు. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను పక్క సీట్లో తలుపు హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నారు. నేను బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కాను. కారు వెళ్లి మంచుగుట్టలోకి ముక్కు దాకా దూరింది. ఆయన అరవలేదు. "పర్లేదు, రివర్స్ కూడా నేర్చుకోవాలిగా" అన్నారు. ఎందుకో ఆ మాటకు ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుని, అక్క చెప్పినట్టు, ఇన్నాళ్లూ నోరు రాని ప్రశ్న అడిగేశాను.

"ఏవండీ, నేను బావుంటానా, ఆ పిల్ల బావుంటుందా?"

మా ఆయన ఇంజనీరు కదా, ప్రశ్నను సీరియస్‌గా తీసుకుని ఆలోచించారు. అద్దం మీద మంచు పేరుకుంటోంది, ఆయన వైపర్ వేసి మళ్లీ ఆలోచించారు. "సినిమావాళ్లని మెచ్చుకోవడం ఈజీ, వాళ్లు వినరుగా" అన్నారు చివరికి. "నీకు చెప్పాలంటే నువ్వు వింటావు. విని నా వంక చూస్తావు. అప్పుడేం చెయ్యాలో నాకు తెలీదు." ఆయన చెవులు ఎర్రగా అయ్యాయి, చలికి మాత్రం కాదు. కిటికీ వైపు తిరిగి, "కాఫీ మీ పిన్నిగారు పెట్టారని నాకప్పుడే తెలుసు. ఏదో ఒకటి బాగుందనాలిగా, నిన్ననలేక కాఫీని అన్నాను" అన్నారు. నేను వినీ విననట్టు రివర్స్ గేర్ వేశాను. ఆయన కోరినట్టే ఆయన వంక చూడలేదు. చూసి ఉంటే ఇంకో గుట్టలో దూరి ఉండేవాళ్లం.

ఏప్రిల్‌లో మంచు కరిగేసరికి నాకు లైసెన్స్ వచ్చింది. డీవీడీని నేనే డ్రైవ్ చేసుకుని వెళ్లి ఇచ్చి వచ్చాను, ఆయన మళ్లీ తేలేదు. ఆ తర్వాత ఏళ్లు గడిచాయి, ఉద్యోగం వచ్చింది, ఇల్లు మారాం, ఆయన జుట్టు పల్చబడింది, నా జుట్టుకు నెలకోసారి రంగు పడుతోంది. మెచ్చుకోవడం ఆయనకు కొంచెం కొంచెంగా అలవాటైంది. పండగలకు, పుట్టినరోజుకు, మరీ బాగుంటే పప్పుచారుకు కూడా ఒక మాట అంటారు. నేనూ వినడం అలవాటు చేసుకున్నాను. అలవాటైతే ఇక దేనికీ గుండె అంతగా కొట్టుకోదు కదా, అది ఎవరి తప్పూ కాదు.

మొన్న శనివారం ఏదో కొత్త యాక్షన్ సినిమా పెట్టుకుని కూర్చున్నాం. హీరోయిన్ రెండు చేతులా కత్తులు తిప్పుతోంది. "ఎంత బాగా చేస్తోందో ఈ పిల్ల" అన్నారు మా ఆయన. నేను ఫోన్‌లో సరుకుల ఆర్డర్ చూసుకుంటూ, "అవునండీ, బాగా చేస్తోంది" అన్నాను. కాసేపాగి మళ్లీ, ఈసారి కొంచెం గట్టిగా, "కళ్లు కూడా ఎంత బాగున్నాయో" అన్నారు. "బాగున్నాయి. కొత్తిమీర రెండు కట్టలు చాలా?" అని అడిగాను. తలెత్తి చూస్తే ఆయన సినిమా చూడటం లేదు, నా వంకే చూస్తున్నారు, ఏదో పోగొట్టుకున్న మనిషిలా.

"నీకిప్పుడు ఏవీ అనిపించదా?" అన్నారు.

నవ్వొచ్చింది, తర్వాత ఎక్కడో చిన్నగా కలుక్కుమంది. ఒక మనిషి చూపు కోసం మోకాలు పగలగొట్టుకుని, మంచులో నడిచి, తనెవరో కూడా తెలియని పిల్ల చేత చేపలు దొంగిలింపజేసిన ఆ ఇరవై నాలుగేళ్ల పిల్ల గుర్తొచ్చింది. అంత గట్టిగా కోరుకోవడం నాకు మళ్లీ చేతనవుతుందా అని ఆ పిల్ల మీదే కుళ్లు పుట్టింది. ఫోన్ పక్కన పెట్టి, ఆయన పక్కకు కొంచెం జరిగి కూర్చుని, మూతి తిప్పి, "ఆ కళ్లల్లో ఏముందండీ, కాటుక పూస్తే ఎవరికైనా అలాగే ఉంటాయి" అన్నాను. ఆయన ఎంత సంతోషపడ్డారో చెప్పలేను. నిజానికి ఆ అమ్మాయి కళ్లు చాలా బాగున్నాయి.